షోకేసులోని రైలింజన్ను కిందికి దించండి



మన స్కూల్ పిల్లల ఇళ్ళల్లో చాలా చోట్ల ఒక రైలు ఉంటుంది. అమెరికాలోనో జర్మనీలోనో ఉన్న మామయ్యో బాబాయో సెలవులకు వస్తూ తెచ్చింది. మొదటి రోజు హాల్లో పట్టాలు పరిచి, నాలుగు రౌండ్లు తిప్పి, వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. తర్వాత "పాడైపోతుంది, ముట్టుకోకు" అన్న ఒక్క మాటతో అది షోకేసులోకి, కొండపల్లి బొమ్మల పక్కకు చేరుతుంది. ధర తెలిసిన వస్తువు కదా, భయం సహజమే. కానీ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దాన్ని కిందికి దించండి. దించి, డిజిటల్ కంట్రోల్, సౌండ్ పెట్టే పని మీ అమ్మాయికో అబ్బాయికో అప్పగించండి. మీరు పక్కన కూర్చోండి చాలు.

"రోబోటిక్స్ క్లాసులో చేర్పించాం కదా మేడమ్, మళ్ళీ ఇదెందుకు?" అని పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కిట్లు మంచివే, నేను కూడా క్లాసులో వాడతాను. కాకపోతే కిట్ తయారు చేసిన వాళ్ళు పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే ఊహించి ఆ గుంతలన్నీ పూడ్చేసి ఉంటారు. ముక్కలు తగిలించాలి, వీడియో చూడాలి, రెండు గంటల్లో అది నడవాలి, మళ్ళీ డబ్బాలో పెట్టేయాలి. రైలింజను అలా కాదు. అది నడవకపోతే ఎందుకు నడవలేదో చెప్పదు. పట్టాల మురికా, వైరా, నంబరా, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవాలి. మన పిల్లల్లో చాలామందికి ఆన్సర్ తెలుసు, ఆన్సర్ ఎక్కడ ఆగిపోయిందో వెతకడం తెలియదు. ల్యాబ్‌లో బల్బు వెలగకపోతే వెంటనే చెయ్యెత్తేస్తారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే.

ముందు సంగతేమిటో చెబుతాను. పాత పద్ధతిలో కంట్రోలర్ నాబ్ తిప్పితే పట్టాల్లో వోల్టేజి పెరుగుతుంది, బండి వేగం పెరుగుతుంది. ప్లస్ మైనస్ మారిస్తే వెనక్కి వెళ్తుంది. ఒకే ట్రాక్ మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి. ఆగిన బండికి లైటు వెలగదు, ఎందుకంటే బండి ఆగడమంటే పట్టాల్లో కరెంటు లేకపోవడమే.

డిజిటల్ కమాండ్ కంట్రోల్, క్లుప్తంగా డీసీసీ, ఈ లెక్కంతా మార్చేసింది. 1980ల చివర్లో జర్మనీలో లెంజ్ అనే కంపెనీ చేసిన పని దీనికి మూలం. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దాన్ని అందరికీ ఒకే ప్రమాణంగా తీసుకొచ్చింది. అందుకే ఒక కంపెనీ కంట్రోలర్‌తో ఇంకో కంపెనీ ఇంజను నడుస్తుంది. (మన ఫోన్ చార్జర్లకు ఆ బుద్ధి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో మీకు తెలిసిందే.)

డీసీసీలో పట్టాల మీద కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దాని ప్లస్ మైనస్‌లు మాత్రం సెకనుకు వేలసార్లు తారుమారవుతుంటాయి. సందేశం ఆ తారుమారులోనే ఉంటుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది 1. 100 మైక్రోసెకన్లు, అంతకన్నా ఎక్కువ ఉంటే 0. ఇంజను లోపల ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు, దాన్నే డీకోడర్ అంటారు, ఈ 1లూ 0లూ చదువుకుని మోటారును, లైటును, స్పీకరును నడిపిస్తుంది. పిల్లలకు నేను దీన్ని అటెండెన్స్‌తో పోల్చి చెబుతాను. నంబరు పిలిస్తే క్లాసంతా వింటుంది, కానీ ఆ నంబరు ఉన్న పిల్లే పలుకుతుంది. కొత్త డీకోడర్లకు ఫ్యాక్టరీలో మామూలుగా ఇచ్చే రోల్ నంబర్ 3.

సందేశంలో చిన్న కాపలా కూడా ఉంది. 3వ నంబరు ఇంజనుకు "ముందుకు, ఇంత వేగంతో" అని చెప్పేటప్పుడు 00000011, 01101000 అని రెండు బైట్లు వెళ్ళాయనుకోండి. వెనకే మూడోదిగా 01101011 వెళ్తుంది. మొదటి రెండిటినీ ఒకదాని కింద ఒకటి రాసి, ఒకేలా ఉన్న చోట 0, తేడా ఉన్న చోట 1 వేస్తే వచ్చేది అదే. దుమ్ము వల్ల దారిలో ఒక్క అంకె చెడినా ఈ లెక్క కుదరదు, డీకోడర్ ఆ మాటను పక్కన పడేస్తుంది. కంట్రోలర్ ఎలాగూ అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతూనే ఉంటుంది కాబట్టి బండి ఆగదు. కంప్యూటర్ సైన్స్ పుస్తకంలో ఎక్స్‌ఆర్ గేట్ అని బొమ్మ గీయించేటప్పుడు ఆవులించే పిల్లలు, ఇదే లెక్కను బండి కోసమైతే కాగితం తీసుకుని వేస్తారు.

ఇక సీవీలు. కాన్ఫిగరేషన్ వేరియబుల్స్ అన్నమాట. పోపుల డబ్బా ఊహించుకోండి. ఏ గిన్నెలో ఏముందో తెలిస్తే వంట మన చేతిలో ఉంటుంది. సీవీ 1లో రోల్ నంబరు. సీవీ 2లో బండి కదలడానికి ఇచ్చే మొదటి ఊపు. 3లో వేగం ఎంత నింపాదిగా పెరగాలి, 4లో ఎంత నింపాదిగా తగ్గాలి, 5లో గరిష్ఠ వేగం. సీవీ 29 మాత్రం మసాలా కలిపిన గిన్నె. బండి దిశ మార్చాలంటే 1, ఎక్కువ వేగపు మెట్లు కావాలంటే 2, పాత డీసీ కంట్రోలర్ మీద కూడా నడవాలంటే 4, పెద్ద నంబరు వాడాలంటే 32. ఏవేవి కావాలో కూడి, మొత్తం అందులో రాయాలి. సాధారణంగా అందులో 6 ఉంటుంది, అంటే 2, 4 కలిపింది. బైనరీని ఇంతకన్నా బాగా నేర్పే పాఠం నాకు ఇంతవరకు దొరకలేదు.

మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు (పేరు రాయను, క్లాసులో అందరికీ తెలుసు) వాళ్ళ తమ్ముడి కోసం వచ్చిన ఇంజనుకు, దాని పక్కన పెయింట్ చేసి ఉన్న 2345 నంబరే పెట్టాలనుకుంది. నాలుగంకెల నంబరు సీవీ 17, 18లలో రెండు ముక్కలుగా ఉంటుంది. 2345ని 256తో భాగిస్తే 9, శేషం 41. ఆ 9కి 192 కలిపి 201ని సీవీ 17లో, 41ని సీవీ 18లో రాసింది. ఇంజను ఉలకలేదు, పలకలేదు. 3 అని పిలిస్తే మాత్రం హాయిగా కదిలింది. పట్టాలు తుడిచింది, మళ్ళీ భాగించింది, మళ్ళీ రాసింది. మూడో రోజు లంచ్ బ్రేక్‌లో నా దగ్గరకు వచ్చి, "మేడమ్, పెద్ద నంబరు వాడమని 29లో నేను చెప్పనే లేదు" అంది. 6కి 32 కలిపి 38 రాశాక బండి కదిలింది. జేఎంఆర్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా ఒక క్లిక్‌తో అయిపోతుంది. అయినా మొదటి ఇంజనుకు చేత్తోనే లెక్క వేయమని నా సలహా. మన రైల్వే ఇంజన్లకు ఉండే ఐదంకెల నంబర్లు మాత్రం ఇందులో పట్టవు. డీకోడర్ నంబరు 10239 దాటదు, చివరి నాలుగంకెలతో సరిపెట్టుకోవాలి.

ఆ అమ్మాయి సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. రైలు ఎప్పుడూ తమ్ముడి కోసమే ఎందుకు వస్తుందో మీరే ఆలోచించండి.

డీకోడర్ బిగించడం దగ్గర పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. డబ్బా మీద "డీసీసీ రెడీ" అని ఉంటే లోపల డీకోడర్ ఉందని కాదు, పెట్టుకోవడానికి సాకెట్ ఉందని మాత్రమే. చాలామంది ఇక్కడే పొరబడతారు. డీకోడర్ ఉంటే "డీసీసీ ఆన్‌బోర్డ్", "డీసీసీ సౌండ్" లాంటి మాటలు రాస్తారు. సాకెట్ ఉంటే పని తేలిక. లేకపోతే వైర్లు సోల్డర్ చేయాలి. రంగులు ప్రమాణం ప్రకారమే ఉంటాయి. ఎరుపు, నలుపు పట్టాల నుంచి కరెంటు తెస్తాయి. నారింజ, బూడిద రంగు మోటారుకు. తెలుపు ముందు లైటుకు, పసుపు వెనక లైటుకు, నీలం ఆ లైట్లకు ఉమ్మడి ప్లస్. వీటన్నిటికన్నా ముఖ్యమైన పని ఒకటుంది. పాత ఇంజన్లలో మోటారు బ్రష్‌లు లోహపు ఛాసిస్‌ను తాకుతూ, దాని ద్వారానే పట్టాలకు కలిసి ఉంటాయి. ఆ సంబంధం పూర్తిగా తెంపాలి. తెంపకుండా డీకోడర్ కలిపితే అది కాలిపోతుంది, రెండో అవకాశం ఉండదు. మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి మోటారు కొసలకూ చక్రాలకూ మధ్య బీప్ రాకుండా చూసుకోవాలి. ఆ తర్వాత కూడా నేరుగా మెయిన్ ట్రాక్ మీద పెట్టకూడదు. విడిగా ఉంచిన ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టి నంబరు చదవమనాలి. అక్కడ కరెంటు పరిమితంగానే వెళ్తుంది కాబట్టి వైరింగ్‌లో తేడా ఉంటే బోర్డు కాలకముందే తెలుస్తుంది. స్క్రీన్ మీద 3 అని కనబడితే ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇంకో హెచ్చరిక. డీకోడర్ లేని మామూలు ఇంజనును డీసీసీ పట్టాల మీద నిలబెట్టి వదిలేయకండి. మోటారు గుయ్యిమంటూ వేడెక్కి పాడవుతుంది.

ఫిజిక్స్ టీచర్‌గా నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఏమిటంటే, డీకోడర్ మోటారుకు కరెంటును ధారగా ఇవ్వదు, చిన్న చిన్న విడతలుగా ఇస్తుంది. ఆ విడతల మధ్య ఒక్క క్షణం కరెంటు ఆపి మోటారును గమనిస్తుంది. తిరుగుతున్న మోటారు ఆ క్షణంలో జనరేటర్‌లా పనిచేసి కాస్త వోల్టేజి పుట్టిస్తుంది. అదే బ్యాక్ ఈఎంఎఫ్. దాన్ని కొలిచి, బండి నిజంగా ఎంత వేగంగా వెళ్తోందో తెలుసుకుని, చడావు ఎక్కుతుంటే కాస్త ఎక్కువ, దిగుతుంటే కాస్త తక్కువ ఇస్తుంది. ప్లస్ టూలో ఈ పాఠం వచ్చేసరికి మన పిల్లలు ఫార్ములా బట్టీ పడతారు. పుస్తకాల అట్ట కింద పెట్టి పట్టాన్ని ఒక పక్క లేపి, బండి వేగం తగ్గకుండా ఎక్కడం ఒకసారి చూసిన పిల్లకు ఆ ఫార్ములా బట్టీ పట్టే పని ఉండదు.

ఇప్పుడు సౌండ్. నిజమైన ఇంజన్ల దగ్గర రికార్డు చేసిన శబ్దాలు సౌండ్ డీకోడర్‌లో ఉంటాయి. నిజమైన డీజిల్ ఇంజనుకు ఎనిమిది నాచ్‌లు. లోకో పైలట్ నాచ్ పెంచగానే ముందు శబ్దం పెరుగుతుంది, బరువైన బండి తర్వాత నెమ్మదిగా కదులుతుంది. మోడల్‌లో కూడా సీవీ 3ను పెంచి పెడితేనే అది నిజం బండిలా అనిపిస్తుంది. లేకపోతే గర్జించే ఇంజను ఎలుకలా పరిగెడుతుంది. మామూలు రెండు సిలిండర్ల ఆవిరి ఇంజనైతే చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు చుక్ శబ్దాలు రావాలి. ఆ లెక్క కుదిరేలా సీవీ సరిచేయడం ఒక సాయంత్రం పని.

స్పీకర్ దగ్గర కూడా ఒక పాఠం ఉంది. సెల్‌ఫోన్ స్పీకరంత చిన్నదాన్ని ఇంజను లోపల ఊరికే వేలాడదీస్తే కీచుమంటుంది. దాని ముందు నుంచి వచ్చే తరంగం, వెనక నుంచి వచ్చే తరంగం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వెనకవైపు గాలి చొరబడని చిన్న పెట్టె అంటిస్తే అదే స్పీకర్‌కు గొంతు వస్తుంది. అట్టముక్కతో చేసినా తేడా తెలుస్తుంది. డీకోడర్ కాగితంలో 4 ఓమ్‌లా 8 ఓమ్‌లా అని చూసి స్పీకర్ కొనండి. నడుస్తుండగా సౌండ్ తెగి, మళ్ళీ మొదటి నుంచి స్టార్ట్ అవుతుంటే డీకోడర్‌ను తిట్టకండి, పట్టాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మన ఊళ్ళ దుమ్ముకు ఈ పని తరచూ తప్పదు.

విదేశాల నుంచి వచ్చిన ఇంజను ఆన్ చేయగానే పిల్లలు చెప్పే ఫిర్యాదు ఒకటే. "ఇది మన రైల్లా లేదు, గంట కొడుతోంది." నిజమే, అమెరికాలో ఇంజన్లకు గంట ఉంటుంది. అక్కడి చాలా మోడళ్ళలో ఎఫ్-1 నొక్కితే గంట, ఎఫ్-2 నొక్కితే హారన్. అయితే ఇక్కడ మనకు కలిసొచ్చే చరిత్ర ఒకటుంది. మన రైల్వేను దశాబ్దాల పాటు లాగిన డబ్ల్యూడీఎం-2 డీజిల్, అమెరికాలో షెనెక్టడీ ఊరి ఆల్కో కంపెనీ డిజైన్. 1962లో మన దేశానికి వచ్చింది, 1964 నుంచి వారణాసిలో తయారైంది. 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, లోపల ఆల్కో 251 రకం ఇంజను. ఆ కంపెనీ 1969లో మూతపడినా ఆ శబ్దం కాజీపేట, గుత్తి షెడ్ల చుట్టూ పెరిగిన వాళ్ళ చెవుల్లో ఇప్పటికీ ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు కూడా గుర్రం నడకలా తడబడుతూ కొట్టుకునే శబ్దమది. కాబట్టి ఈసారి అమెరికా మామయ్య "ఏం తెమ్మంటావురా" అని అడిగితే, ఆల్కో సెంచరీ శ్రేణి ఇంజను, 251 సౌండ్ ఉన్నది అని చెప్పించండి. ఇంట్లో తాతయ్య ఉంటే ఆ సౌండ్ ఆయనకు వినిపించి, సరిగ్గా ఉందో లేదో అడగమనండి. కొన్ని డీకోడర్లలోకి మనం రికార్డు చేసిన శబ్దాలు కూడా ఎక్కించుకోవచ్చు, దానికి వేరే ప్రోగ్రామర్ కావాలి. రికార్డింగ్‌కు వెళ్తే ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని, మీరు వెంట ఉండి, పసుపు గీతకు ఇవతలే నిలబడాలి. పట్టాల పక్కకు వెళ్ళడం మాత్రం ఏ హాబీ కోసమైనా వద్దు.

ఖర్చు సంగతి దాచను. ఫీజులు కట్టే మీకు ఆ లెక్క నాకన్నా బాగా తెలుసు. మంచి సౌండ్ డీకోడర్ ఒక్కటే దాదాపు వంద డాలర్లు, ఆపైన కస్టమ్స్. సౌండ్ లేనివి అందులో మూడో వంతుకే దొరుకుతాయి, మొదట వాటితోనే మొదలుపెట్టండి. కంట్రోలర్‌కు వేలు పోయనక్కర్లేదు. డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఆర్డ్యూనో మెగా బోర్డు, మోటార్ షీల్డ్ మీద ఎక్కిస్తే అదే కమాండ్ స్టేషన్ అవుతుంది. వై-ఫై కూడా జోడిస్తే పాత ఆండ్రాయిడ్ ఫోనే నాబ్. ఆ బోర్డు చాలామంది ఇళ్ళల్లో రోబోటిక్స్ క్లాసు తర్వాత డ్రాయర్‌లో పడి ఉంది, నాకు తెలుసు.

చోటు లేదంటారా? డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో గుండ్రటి ట్రాక్ వేయడం కష్టమే. 1:87 స్కేల్‌లో, అంటే పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు ఉండే హెచ్‌ఓ సైజులో, చిన్న వలయానికైనా నాలుగడుగుల వెడల్పు కావాలి. దానికి బదులు ఒక పలక చాలు, వాడకం అయ్యాక మంచం కిందికి తోసేయవచ్చు. బ్రిటన్‌లో ఆలన్ రైట్ అనే ఆయన తయారు చేసిన ఇంగిల్‌నుక్ అనే షంటింగ్ ఆట ఉంది. మూడు సైడింగ్‌లు. ఒకదానిలో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండిటిలో మూడేసి. ఇంజను వైపు లైనులో ఇంజనుతో పాటు మూడే. ఎనిమిది వ్యాగన్లలోంచి చీటీ తీసి వచ్చిన ఐదింటిని, వచ్చిన వరుసలోనే నిలబెట్టాలి. ఎన్ని వరుసలు సాధ్యమో మీ ఇంటర్ పిల్లను అడగండి. 8ని 7, 6, 5, 4లతో గుణిస్తే 6720. డీసీసీ ఇచ్చే నత్తనడక వేగంతో, ఆల్కో గొణుగుడుతో ఇది ఆడుతుంటే గుండ్రంగా తిరిగే రైలు అసలు గుర్తుకే రాదు.

దీనివల్ల ర్యాంకు వస్తుందని నేను చెప్పను. రైల్వే ఉద్యోగం వస్తుందని కూడా చెప్పను. ఇంజనుకు సందేశం చేర్చి, అది విన్నదో లేదో చూసుకోవడం అన్న ఆలోచన మాత్రం బొమ్మలకే పరిమితం కాదు. పట్టాల మధ్య ట్యాగ్‌లు, రేడియో సందేశాలతో, లోకో పైలట్ చూసుకోకపోయినా బ్రేకు వేసే కవచ్ వ్యవస్థను 2022 మార్చిలో మన వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య నడిపి చూపించారు. సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది.

స్టడీ అవర్స్ గురించి ఈ పేజీల్లో నేను ఏమీ రాయలేను, మీకూ తెలుసు. ఆదివారం ఒక రెండు గంటలు మాత్రం మీ చేతిలో ఉన్నాయి. ఒక్క మనవి, ముఖ్యంగా నాన్నగార్లకు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మీకు సీవీ 29 పావుగంటలో అర్థమవుతుంది. అర్థమైనా చెప్పకండి. పిల్ల మూడు రోజులు తీసుకుంటే తీసుకోనివ్వండి. సోల్డరింగ్ ఐరన్ మాత్రం మీ కళ్ళ ముందే వాడించండి. అలాగే దీనికి ఒలింపియాడ్, సర్టిఫికెట్ ఉన్నాయేమోనని దయచేసి వెతకకండి.

సెట్ అమెరికా నుంచి వచ్చినదైతే ప్లగ్ పెట్టే ముందు అడాప్టర్ మీద ఏం రాసి ఉందో చదవండి. 100-240 వోల్టులు అని ఉంటే ఇక్కడా పనిచేస్తుంది. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు నేరుగా పెట్టకూడదు, స్టెప్‌డౌన్ కన్వర్టర్ కావాలి. అనుమానం ఉంటే డబ్బా మీది అక్షరాలు, అడాప్టర్ లేబుల్ ఫొటో తీసి పిల్లల డైరీలో పెట్టి పంపండి, చూసి రాస్తాను. ఫిజిక్స్ ల్యాబ్‌లో అడుగు పొడవు ప్రోగ్రామింగ్ ట్రాక్ ఒకటి బిగించి ఉంచాను. శనివారం లాస్ట్ పీరియడ్‌లో ఎవరైనా ఇంజను తెచ్చి నంబరు చదివించుకోవచ్చు. బ్యాటరీతో నడిచే రైళ్ళు, రిమోట్ బొమ్మలు మాత్రం పంపకండి. అవి పట్టాల నుంచి కరెంటు తీసుకోవు.